సీనా చేయి తట్టడం తప్పు కాదు: ఈ మధ్య రెజ్లింగ్ ఫినిష్‌ల మీద నా వాదన

2025 డిసెంబర్ 13న వాషింగ్టన్ డీసీలో డబ్ల్యూడబ్ల్యూఈ రెజ్లర్ జాన్ సీనా చివరి మ్యాచ్ గుంథర్ స్లీపర్ హోల్డ్‌లో, అంటే వెనకనుంచి మెడ చుట్టూ చేయి బిగించే పట్టులో, ముగిసింది. ఆ పట్టులోంచి అంతకుముందు పదేపదే బయటపడ్డ సీనా, ఆఖరిసారి చిన్నగా నవ్వి, ఓటమి ఒప్పుకుంటున్నట్టు చేయి తట్టాడు. రెండు దశాబ్దాలకు పైగా ఎవరి పట్టుకూ లొంగని మనిషి, ‘నెవర్ గివ్ అప్’ అని చొక్కా మీద రాసుకు తిరిగిన మనిషి, రిటైరయ్యే రోజున లొంగిపోయాడు. ఆ తర్వాత బయటికొచ్చిన, కంపెనీ షోల కథలు నడిపే ట్రిపుల్ హెచ్‌ను హాల్లో జనం వదల్లేదు, గట్టిగా బూ చేశారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. ఆ ఫినిష్, అంటే ముందే రాసుకున్న ఆ ముగింపు, తప్పు అంటే మాత్రం ఒప్పుకోను. ఈ రెండు మూడేళ్లలో పెద్ద షోల్లో చూసిన ముగింపుల్లో, ముందు నుంచీ పునాది వేసుకుంటూ వచ్చి కట్టిన ముగింపులు చాలా తక్కువ. ఇది వాటిలో ఒకటి.

ఆ స్లీపర్ ఆ రాత్రి ఊడిపడ్డది కాదు. 2025 ఏప్రిల్‌లో లాస్ వేగాస్‌లో జరిగిన రెజిల్‌మేనియా 41లో (డబ్ల్యూడబ్ల్యూఈ ఏటా జరిపే అతిపెద్ద షో) జే ఉసో పైనుంచి దూకే తన స్ప్లాష్‌లన్నీ వేశాక, గుంథర్ పట్టునే గుంథర్ మెడకు బిగించి అతని చేత చేయి తట్టించాడు. అంటే ఆ పట్టు ఎవరు పట్టినా పనిచేస్తుందని, పట్టేవాడి బలంతో సంబంధం లేకుండా అదే ప్రమాదకరమని ముందు అక్కడ తేలింది. జూన్‌లో జే దగ్గర్నుంచి గుంథర్ టైటిల్ వెనక్కి తీసుకున్నది స్లీపర్‌తోనే. జూలై 12న అట్లాంటాలో గోల్డ్‌బర్గ్ చివరి మ్యాచ్ ముగిసిందీ స్లీపర్‌లోనే, కాకపోతే అతను చేయి తట్టలేదు, స్పృహ తప్పాడు. సీనా ఆఖరి ప్రత్యర్థిని తేల్చే టోర్నమెంట్ ఫైనల్లో ఎల్‌ఏ నైట్ మీద గుంథర్ గెలిచిందీ దానితోనే. ఇంతమందిని ముంచిన పట్టు, నలభై ఎనిమిదేళ్ల సీనా మెడకు పడ్డప్పుడు మాత్రం పనిచేయకుండా పోతే, ఏడాది పొడుగునా మనం చూసిన మ్యాచ్‌లన్నీ అబద్ధమైపోయేవి.

అసలు స్లీపర్‌ను ఇలా నిలబెట్టడం చిన్న పని కాదు. చాలా ఏళ్లుగా అది మ్యాచ్ మధ్యలో ఊపిరి తీసుకోవడానికి వాడే పట్టు. టీవీలో యాడ్ బ్రేక్ రాబోతుంటే హీల్ (కథలో విలన్) బేబీఫేస్‌ను (కథలో హీరోను) రింగ్ బయటికి విసిరేస్తాడు. బ్రేక్ అయ్యాక చూస్తే హీల్ మెడ పట్టుకుని కూర్చుని ఉంటాడు. రిఫరీ చేయి ఎత్తి వదుల్తాడు, పడిపోతుంది. రెండోసారీ పడిపోతుంది. మూడోసారి గాల్లో ఆగుతుంది, జనం చప్పట్లు కొడతారు, బేబీఫేస్ లేచి మోచేత్తో పొట్టలో పొడిచి విడిపించుకుంటాడు. ఈ వరస ఎన్ని వందలసార్లు చూశామంటే, స్లీపర్ పడగానే ఇక్కడ మ్యాచ్ అవదులే అని కళ్లు ఫోన్ మీదికి పోతాయి.

నిజంగా పడితే అది అలాంటి పట్టు కాదు. మోచేతి మడత గొంతుకు ఎదురుగా వస్తుంది. ముంజేయి మెడకు ఒక పక్క, కండ ఇంకో పక్క నొక్కుతాయి. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాలు రెండు వైపులా మూసుకుంటే పది పదిహేను సెకన్లలో స్పృహ తప్పుతుంది. మరి రెజ్లింగ్‌లో అది ఒక నిమిషం ఎలా సాగుతుంది? సాగాలంటే కారణం కంటికి కనిపించాలి. పట్టులో ఉన్నవాడు గడ్డం కిందికి దించి మోచేతి మడతలోకి దూర్చాలి, లేదంటే పట్టినవాడి మణికట్టును రెండు చేతులా లాగుతూ కాస్త సందు చేసుకోవాలి. ఆ పోరాటం కనబడినంతసేపూ పట్టు ఇంకా పూర్తిగా పడలేదని చూసేవాడికి తెలుస్తుంది. ఈ పట్లు ఎక్కువగా చెడేది ఇక్కడే. చేతులు కిందికి వదిలేసి, ముఖం మాత్రం నొప్పిగా పెట్టి కూర్చుంటారు. పట్టినవాడు కూడా తలను భుజానికి ఆనించి, తర్వాత చేయాల్సిన వరస చెవిలో చెబుతుంటాడు. కెమెరా దగ్గరగా వస్తే దొరికిపోతారు. గుంథర్ వీపును గట్టిగా ఆనించి, కాళ్లతో నడుము చుట్టేసి, తన బరువంతా వెనక్కి లాగుతాడు. ఎదుటివాడు రింగ్ తాళ్ల వైపు ఒక్కో అంగుళం పాకాల్సి వస్తుంది. తాడు పట్టుకుంటే రిఫరీ ఐదు లెక్కపెట్టేలోగా వదలాలి కాబట్టి, తాడుకూ చేతికీ మధ్య ఉన్న దూరమే అక్కడ కథ అవుతుంది. రింగ్ ఒక్కో వైపు 20 అడుగులు. నడిమధ్యలో పట్టుబడితే ఏ తాడైనా పది అడుగుల దూరమే. అలసినవాడికి ఆ పది అడుగులు ఎంత దూరమో చూపించగలిగితే వేరే విన్యాసం అక్కర్లేదు.

ఈ వాదనకు వచ్చే ఎదురు మాట నాకు తెలుసు. సీనా ఓడొచ్చు, కానీ స్పృహ తప్పి ఓడొచ్చుగా, చేయి తట్టడం ఎందుకు? గోల్డ్‌బర్గ్‌కు ఇచ్చిన గౌరవం సీనాకు ఎందుకివ్వలేదు? నా దృష్టిలో ఆ నవ్వే సమాధానం. స్పృహ తప్పితే అది శరీరం చేసిన పని. చేయి తట్టడం మనిషి తీసుకున్న నిర్ణయం. ఇరవై మూడేళ్లు పోరాడినవాడు, ఇక చాలు అని తనే నిర్ణయించుకున్నాడు. ఆ ముగింపు వల్ల గుంథర్‌కు దక్కింది కూడా ఎక్కువ. స్పృహ తప్పిన సీనాను ఓడించినవాళ్లు ఇంకొకరు రావచ్చు, సీనా చేత చివరిరోజు ఓటమి ఒప్పించినవాడు ఇంకొకడు ఉండడు. నాకు అభ్యంతరం ఉన్నది దానికి రెండు వారాల ముందు జరిగినదాని మీద. నవంబర్ 10న సొంత ఊరి జనం ముందు, బోస్టన్‌లో, సీనా డొమినిక్ మిస్టీరియోను ఓడించి ఇంటర్‌కాంటినెంటల్ టైటిల్ గెలిచాడు. అంతకుముందు తన చేతికి ఎప్పుడూ రాని టైటిల్ అది. నవంబర్ 29న శాన్ డియేగో సర్వైవర్ సిరీస్‌లో లివ్ మోర్గన్ అడ్డుపడితే దాన్ని పోగొట్టుకున్నాడు. డొమినిక్ మంచి హీల్. అతను మైక్ పట్టుకుంటే మాట వినిపించనంతగా జనం అరుస్తారు, అంతకంటే ఏం కావాలి? కానీ వెంటనే ఇంకో ఓటమి రాబోతోందని తెలిసీ, బయటివాళ్ల జోక్యంతో వచ్చిన ఆ ఓటమి ఎవరికీ ఏమీ మిగల్చలేదు. జనం కోపంలో సగం అక్కడ పుట్టిందే, డిసెంబర్ 13 మీద పడింది.

ఇక ఫినిషర్ల సంగతి. నాకు ఎక్కువ బాధ ఇక్కడే.

ఫినిషర్ అంటే అది పడితే అయిపోయింది అని జనం నమ్మే దెబ్బ. దాన్నుంచి ఒకడు తప్పించుకున్న ప్రతిసారీ ఆ నమ్మకం కొంత ఖర్చవుతుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు, ఎంతో పెద్ద మ్యాచ్‌లో ఖర్చుపెడితే హాలు లేచి నిలబడుతుంది. వారం వారం ఖర్చుపెడితే ఏమవుతుందో కోడీ రోడ్స్ ఫినిషర్ అయిన క్రాస్ రోడ్స్‌ను చూస్తే తెలుస్తుంది. 2024 ఏప్రిల్ 7న ఫిలడెల్ఫియాలో, రెజిల్‌మేనియా 40 రెండో రాత్రి, చాంపియన్‌గా రోమన్ రెయిన్స్ 1316 రోజుల ఏలుబడిని ముగించడానికి కోడీ వరసగా మూడు క్రాస్ రోడ్స్ వేశాడు. అక్కడ మూడు పడటం న్యాయమే, ఎందుకంటే అంతకాలం ఎవరూ పడగొట్టలేని మనిషి అతను. ఆ తర్వాత మూడు వేయడమే అలవాటైపోయింది. మూడు పడితేగాని అవదని జనానికి తెలిశాక, మొదటి రెండూ వట్టి అలంకారమే. ఒకటి పడగానే పిన్‌కు (ఎదుటివాడి భుజాలు మ్యాట్‌కు ఆనించి రిఫరీ మూడు లెక్కపెట్టేదాకా పట్టడానికి) పోతే అవదని పిల్లలు కూడా చెప్పేస్తున్నారు.

కిక్‌ఔట్ చేయడంలోనూ, అంటే మూడు లెక్కలోపు భుజం లేపి పిన్ తప్పించుకోవడంలోనూ, పనితనం ఉంది, అది ఈ మధ్య పలచబడింది. పిన్ చేసేవాడు బరువు ఎదుటివాడి ఛాతీ మీద వేయాలి, ఒక భుజానికి మాత్రం కదలడానికి చోటు వదలాలి. కాలు మడిచి పట్టుకుంటే పిన్ గట్టిగా కనబడుతుంది. రిఫరీ లెక్క మొదటి నిమిషంలో ఏ వేగంతో ఉందో ఇరవయ్యో నిమిషంలోనూ అదే వేగంతో ఉండాలి. మ్యాట్ మీద రెండోసారి కొట్టాక రిఫరీ చేయి మళ్లీ పైకి లేచి కిందికి దిగుతున్నప్పుడు భుజం లేవాలి. అంతకంటే ముందు లేస్తే ఉత్కంఠ ఉండదు. ఆలస్యమైతే రిఫరీ చేయి గాల్లో ఆపాల్సి వస్తుంది, ఆ ఆగడం అందరికీ కనిపించి మ్యాచ్ మొత్తం పలచనవుతుంది. భుజం లేవకపోతే మూడు కొట్టేయాలన్నదే మంచి రిఫరీలు పాటించే పద్ధతి. మర్చిపోయినవాడి తప్పును రిఫరీ నెత్తిన వేసుకోకూడదు.

ఖర్చుపెట్టాల్సిన చోట ఎలా ఖర్చుపెట్టాలో చూడాలంటే అదే రెజిల్‌మేనియా 40 మొదటి రాత్రి గుంథర్, సామీ జేన్ మ్యాచ్ చూడండి. గుంథర్ ఇంటర్‌కాంటినెంటల్ చాంపియన్‌గా 666 రోజులున్నాడు. ఛాతీ మీద అరచేత్తో కొట్టే ఆ చాప్‌లతోనే సగం మ్యాచ్ నడిపాడు. ఎర్రగా కందిన ఛాతీ నటన కాదు. రింగ్ పక్కనే కూర్చున్న సామీ భార్యను చూపిస్తూ, ఆమె ముందే అతన్ని విరగ్గొడుతున్నట్టు తీరిగ్గా కొట్టాడు. ఆ తీరికే అతన్ని ఓడించింది. ఎప్పుడో పిన్ చేయగలిగినవాడు చేయకుండా ఇంకో పవర్‌బాంబ్ (ఎత్తి వీపు మీద పడేసే దెబ్బ) వేశాడు, సామీకి లేవడానికి టైమ్ దొరికింది. కార్నర్‌లో తలకిందులుగా ఎత్తి వేసే బ్రెయిన్‌బస్టర్, తర్వాత సామీ ఫినిషర్ హెలువా కిక్, ఇంకో కిక్. చిన్నవాడు పెద్దవాణ్ని ఎలా ఓడించాడన్నదానికి జవాబు మ్యాచ్‌లోనే ఉంది. బయటినుంచి ఎవరూ రాలేదు.

సరిగ్గా దీనికి ఎదురుగా నిలిచేది రెజిల్‌మేనియా 41 రెండో రాత్రి మెయిన్ ఈవెంట్. మార్చి 1న టొరంటోలో సీనా కోడీని కౌగిలించుకుని, తర్వాత కాళ్ల మధ్య తన్ని హీల్ అయ్యాడు. ఇన్నేళ్లలో అంత పెద్ద మలుపు రాలేదు. ఏడు వారాలు జనం ఎదురుచూశారు. మ్యాచ్ చూస్తే, పట్లు నెమ్మదిగా, ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో సంబంధం లేకుండా. హీల్‌కు తగ్గట్టు ఆలస్యంగా ఆడటం వేరు, ఏ భాగం మీదా పని చేయకుండా టైమ్ గడపడం వేరు. మెడ మీద పెట్టిన పట్టు తర్వాత ఎక్కడా పనికి రాలేదు. చివర ర్యాపర్ ట్రావిస్ స్కాట్ నడిచొచ్చి అడ్డుపడ్డాడు, సీనా నడుము కింద దెబ్బ కొట్టి బెల్ట్‌తో బాది పదిహేడో టైటిల్ తీసుకున్నాడు. డబ్ల్యూడబ్ల్యూఈ లెక్కలో అంతకుముందు ఎవరూ అందుకోని అంకె అది. ఆ అంకెకు ఆ ముగింపు సరిపోలేదు. సీనాను హీల్ వైపు తిప్పి ఈ కథను మొదలుపెట్టిన ద రాక్ ఆ రాత్రి కనిపించనే లేదు కాబట్టి, వచ్చిన జోక్యానికి కూడా కారణం సగమే మిగిలింది.

జోక్యమే తప్పని నేననను. ముందురోజు రాత్రి సెత్ రోలిన్స్, రోమన్ రెయిన్స్, సీఎం పంక్ మ్యాచ్‌ను తేల్చింది కూడా బయటివాడే, రెజ్లర్ల తరఫున మాట్లాడే మేనేజర్ పాల్ హేమన్. కానీ ఆ మ్యాచ్ కథంతా హేమన్ ఎవరి పక్షం అన్నదే. పంక్‌కు మాట ఇచ్చాడు, రెయిన్స్‌తో ఏళ్ల బంధం ఉంది. ఇద్దర్నీ కాదని మూడోవాడైన రోలిన్స్ వైపు పోవడంతో మ్యాచ్ ముగిసింది. తీసేస్తే కథ కూలిపోయేదైతే ఆ జోక్యం సరైనదే. ట్రావిస్ స్కాట్‌ను తీసేస్తే మ్యాచ్ బాగుపడేది.

ఇదే సీనా, ఇదే కోడీ ఆగస్టులో సమ్మర్‌స్లామ్ రెండో రాత్రి మళ్లీ తలపడ్డప్పుడు ఎందుకంత బాగుంది? ఒకటి, రెండు రోజుల ముందే సీనా మళ్లీ బేబీఫేస్ అయ్యాడు, ఇష్టం లేని పాత్ర భారం పోయింది. రెండోది ముఖ్యం. నిబంధనలు లేని స్ట్రీట్ ఫైట్ కావడంతో టేబుళ్లు, మెట్లు, హాలంతా తిరగడం వల్ల విరామాలకు సహజమైన కారణం దొరికింది. వయసు మీదపడ్డవాడు ఒక టేబుల్ విరిగాక ఇరవై సెకన్లు పడుంటే ఎవరూ తప్పుపట్టరు. అదే ఇరవై సెకన్లు ఖాళీ రింగ్‌లో హెడ్‌లాక్ పట్టుకు కూర్చుంటే తెలిసిపోతుంది. ఆ ఏడాది సీనాకు సరిపడే మ్యాచ్ ఏదో కంపెనీకి అప్పుడే తెలిసింది.

మూడో మనిషి ఉన్న మ్యాచ్‌లు కట్టడం ఇంకా కష్టం. ముగ్గుర్లో ఇద్దరు కొట్టుకుంటుంటే మూడోవారు ఎక్కడో పడి ఉండాలి. ఎందుకు అంతసేపు పడున్నారో దెబ్బ చెప్పాలి. చిన్న డ్రాప్‌కిక్ తిని నాలుగు నిమిషాలు రింగ్ కింద పడుకుంటే నవ్వొస్తుంది. సమయానికి ముందే లేచి, తన వంతు కోసం ఏప్రన్ (రింగ్ అంచు) పట్టుకుని ఎదురుచూడటం ఇంకా ఘోరం. రెజిల్‌మేనియా 41లో ఇయో స్కై, రియా రిప్లీ, బియాంకా బెలెయిర్ మ్యాచ్‌లో ఈ లోపం దాదాపు లేదు. ఒకరు బయటపడితే దానికి సరిపడా దెబ్బ తిన్నారు, తిరిగొచ్చినప్పుడు జరుగుతున్న పిన్‌ను విరగ్గొట్టడానికే వచ్చారు. ఇయో మూన్‌సాల్ట్ గురించి ఒక్క మాట. వెనక్కి తిరిగి ఎగిరేవాళ్లు చాలామంది మోకాళ్ల మీద దిగుతారు, పొట్ట తగిలీ తగలనట్టు ఉంటుంది. ఇయో శరీరం మొత్తం చదునుగా ఎదుటివారి ఛాతీ మీదికి తెస్తుంది. అందుకే ఆమె ఒక్కటి వేసినా చాలు, జనం నమ్ముతారు. ఆ రెండు రాత్రుల్లోనూ నాకు అన్నిటికంటే నచ్చిన మ్యాచ్ అదే. దాన్ని మెయిన్ ఈవెంట్‌గా పెట్టకపోవడం అన్యాయం.

డబ్ల్యూడబ్ల్యూఈకి పోటీ కంపెనీ అయిన ఏఈడబ్ల్యూ వైపు చూస్తే, మంచీ చెడూ రెండూ 2025 జూలై 12న టెక్సస్ ఆర్లింగ్టన్‌లో జరిగిన ఆల్ ఇన్‌లోనే దొరుకుతాయి. కజుచికా ఒకాడా, కెన్నీ ఒమేగా మ్యాచ్‌ను సెల్లింగ్ (తిన్న దెబ్బను నమ్మించే విద్య) నేర్చుకునేవాళ్లు తప్పక చూడాలి. ఒమేగా 2023 డిసెంబర్‌లో పేగుల జబ్బుతో ఆసుపత్రి పాలై ఏడాదికి పైగా రింగ్‌కు దూరమయ్యాడు. ఒకాడా ఆ పొట్టనే ఎంచుకున్నాడు. మ్యాచ్‌కు ముందు వారాల్లో పొట్ట మీద దాడి, మ్యాచ్‌లో పొట్ట మీద దాడి. ఒమేగా తన దెబ్బ తనే వేశాక కూడా పొట్ట పట్టుకుని పిన్‌కు ఆలస్యంగా వెళ్లాడు. ఆ ఆలస్యంలోనే ఒకాడా బతికిపోయాడు. కిక్‌ఔట్‌కు ఇంతకంటే మంచి కారణం ఏముంటుంది? దెబ్బ బలహీనమైంది కాదు, వేసినవాడు సమయానికి అందుకోలేకపోయాడు. ఫినిషర్ విలువ తగ్గకుండా మ్యాచ్ సాగదీయాలంటే ఇదే దారి.

అదే రాత్రి హ్యాంగ్‌మన్ ఆడమ్ పేజ్, జాన్ మాక్స్‌లీ టెక్సస్ డెత్ మ్యాచ్, ఆయుధాలు వాడనిచ్చే రకం. మాక్స్‌లీ 2024 అక్టోబర్‌లో బ్రయన్ డేనియల్సన్ దగ్గర టైటిల్ గెలిచి, బెల్ట్‌ను పెట్టెలో పెట్టి తాళం వేశాడు. తొమ్మిది నెలలు ఎవరూ దాన్ని చూడలేదు. చివర హ్యాంగ్‌మన్ గొలుసుతో మెడ బిగించి మాక్స్‌లీ చేత ఓటమి ఒప్పించాడు. ఆ ముగింపు అద్భుతం. కానీ దానికి ముందు మాక్స్‌లీ మనుషులు, యంగ్ బక్స్, ముసుగులో డేనియల్సన్, డార్బీ ఆలిన్, స్వర్వ్ స్ట్రిక్‌లాండ్, ఇలా వరసగా వస్తూనే ఉన్నారు. ప్రతి రాకకూ ఒక పాత కారణం ఉంది, నిజమే. అన్నీ ఒకే మ్యాచ్‌లో తీర్చేసరికి మేకులు, ముళ్లతీగ లాంటివి కూడా మామూలు వస్తువులైపోయాయి. ముళ్లతీగ తగిలినవాడు రెండు నిమిషాల్లో పరిగెత్తితే, ఇక దాన్ని తేవడం ఎందుకు?

ఏఈడబ్ల్యూలో నాకు భయం కలిగించేది మెడ. 2024 ఏప్రిల్ 21న సెయింట్ లూయిస్‌లో విల్ ఆస్ప్రే, డేనియల్సన్ మ్యాచ్ ఎంత గొప్పదో అందరికీ తెలుసు. అందులో ఆస్ప్రే, ఎదుటివాణ్ని మెడ మీద పడేసే టైగర్ డ్రైవర్ 91 వేశాడు. జపాన్ రెజ్లర్ మిసావా 1991లో వేసిన దెబ్బ అది, పేరులో అంకె అందుకే. మామూలుగా కిందపడేవాడు గడ్డం ఛాతీకి ఆనించి, ఊపిరి వదులుతూ, వీపు పైభాగం చదునుగా తగిలేలా పడి, రెండు చేతులూ మ్యాట్ మీద కొట్టి దెబ్బను పంచుతాడు. ఈ దెబ్బలో రెండు చేతులూ వేసేవాడి పట్టులో ఇరుక్కుని ఉంటాయి. పంచడానికి చేతులు లేవు, బరువంతా మెడ, భుజాల మీదికే వస్తుంది. వేసేవాడు అర సెకను ముందు వదిలితే తప్ప కాపాడే మార్గం లేదు. అంతకంటే తేలికైన హిడెన్ బ్లేడ్‌ను, ఆ మోచేతి దెబ్బను, జనం అంతే నమ్ముతారు. 2025లో ఆస్ప్రే తన మెడకే శస్త్రచికిత్స చేయించుకోవాల్సి వచ్చింది. అది ఈ ఒక్క దెబ్బ వల్లే అని అనలేం, ఏళ్లుగా తిన్నవన్నీ కలిసి ఉంటాయి. ప్రపంచంలో ఇప్పుడు ఆడేవాళ్లలో నాకు అందరికంటే ఇష్టమైన ఆటగాడు ఆస్ప్రే. అతను తిరిగొచ్చాక సగం దెబ్బలు వదిలేసినా ఆ ఇష్టం వీసమంతైనా తగ్గదు.

దెబ్బను నమ్మించడంలో ఇంకో చిక్కుంది. 2025 జూలైలో ఎల్‌ఏ నైట్‌తో మ్యాచ్‌లో సెత్ రోలిన్స్ మోకాలు పట్టుకుని కూలాడు. మ్యాచ్ అర్ధంతరంగా ముగిసినట్టు చేశారు. మూడు వారాల తర్వాత సమ్మర్‌స్లామ్ మొదటి రాత్రి, పంక్ గుంథర్‌ను ఓడించి టైటిల్ ఎత్తుకున్న క్షణంలో, రోలిన్స్ కర్రలు పట్టుకుని వచ్చి వాటిని పారేసి పరిగెత్తాడు. ఎప్పుడు కావాలంటే అప్పుడు టైటిల్ మ్యాచ్ అడిగే హక్కునిచ్చే తన బ్రీఫ్‌కేస్ వాడి టైటిల్ పట్టుకుపోయాడు. ఆ రాత్రికి అది గొప్ప మలుపు, నేను కాదనను. అక్టోబర్‌లో పెర్త్‌లో అదే రోలిన్స్‌కు నిజంగా భుజం దెబ్బతింది, టైటిల్ వదులుకోవాల్సి వచ్చింది. ఆ వార్త రాగానే సగం మంది ఇదీ నాటకమే అన్నారు. నవంబర్ 1న ఖాళీ టైటిల్‌ను పంక్ గెలిచేదాకా ఆ అనుమానం పోలేదు. నిజం గాయమైతే రిఫరీ రెండు చేతులూ ఎత్తి అడ్డంగా కలిపి ఎక్స్ గుర్తు చూపడం, వెంటనే వైద్యులు రావడం, వ్యాఖ్యాతలు గొంతు తగ్గించడం ఈ ఆటలో ఉన్న రక్షణ ఏర్పాట్లు. వీటిని కథ కోసం వాడుకున్న ప్రతిసారీ, నిజంగా మెడ విరిగినవాడి దగ్గరికి సాయం చేరేలోపు జనం అరవాలా ఆగాలా అని తడబడతారు, పక్కనున్న రెజ్లర్ కూడా తడబడొచ్చు. మోకాలు పట్టుకుని పడటం వరకు కథలో పెట్టుకోవచ్చు. ఎక్స్ గుర్తును మాత్రం ఏ కంపెనీ అయినా, ఎంత పెద్ద మలుపు కోసమైనా, కథలోకి తేకూడదు.